రెండు జబ్బులవాడి భాగ్యం

మనిషికి జబ్బంటూ రావలసే ఉంటే ఒకటి రాకూడదు. రెండు రావాలి!

ఇది తమాషాకు చెబుతున్న మాట కాదు. ఒక్క జబ్బువాడి బతుకు ఎంత హీనమో ఒకసారి చూడండి. పన్ను నొప్పి పుడుతుంది. వెళతాడు. నోరు తెరవమంటారు. తెరుస్తాడు. పీకేస్తారు. అయిపోయింది! పొద్దున రోగిగా ఇల్లు కదిలినవాడు మధ్యాహ్నానికి మామూలు మనిషై సంగటి ముందు కూర్చుంటాడు. ఎలా ఉందని అడిగేవారుండరు. దవడకు కట్టిన గుడ్డ కూడా సాయంత్రానికి ఊడిపోతుంది. ఇదీ ఒక జబ్బేనా? ఇదీ ఒక వైద్యమేనా?

అదే రెండు జబ్బులవాణ్ణి చూడండి. ఎవరూ తొందరపడి ముట్టుకోరు. పంటిని ముట్టుకోబోతే రెండో జబ్బు అడ్డం నిలబడుతుంది. రెండో జబ్బు జోలికి పోబోతే పన్ను అడ్డం వస్తుంది. ఒకదాన్నొకటి కాపాడుకుంటూ రెండూ ఒకే మనిషిలో ఏళ్ళ తరబడి చల్లగా కాపురం చేస్తాయి. అన్నదమ్ములైనా ఇంత పొందికగా ఉంటారా?

నమ్మకం కుదరకపోతే కమలాపురం మగ్గాల వీధిలో ఉండే రంగుల గురప్ప సంగతి వినండి.

గురప్ప నూలుకు రంగులు వేస్తాడు. యాభై దాటిన మనిషి. ఆ వీధిలో ముప్పై మగ్గాల మీద ఆడే నూలు ఆయన తొట్లలో మునిగి లేచినదే. ఎరుపు అంటే మనకు ఎరుపే. ఆయనకు కుంకుమ వేరు, దానిమ్మ గింజ వేరు, దాసానిపువ్వు వేరు, కావి వేరు. చీర అంచును అరచేతిలో పరుచుకుని, ఈ నూలు రంగులో మూడుసార్లు మునిగిందో నాలుగుసార్లు మునిగిందో చెప్పగలడు. రంగు విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. మిగతా విషయాల్లో ఆయన మాట ఎవరూ వినరు. ముఖ్యంగా ఆయన భార్య సుబ్బక్క.

చక్కెర జబ్బు ఆయనకు రెండేళ్ళ కిందటే వచ్చింది. ఒంటరిగా వచ్చింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈ పుష్యమాసంలో ఎడమవైపు కింది దవడపన్ను పుచ్చి సలపడం మొదలుపెట్టాక ఆయన దశ తిరిగింది.

పంటినొప్పిని తిట్టేవాళ్ళు దాని మహిమ తెలియనివాళ్ళు. గురప్ప మనసు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగేదో! తొట్టి దగ్గర నిలబడి పొరుగింటి తగవు గురించి, పదేళ్ళ కిందట ఎవరో అన్న మాట గురించి ఆలోచించేవాడు. నొప్పి పుట్టిన మూడోనాటికి ఆ మనసు మొత్తం వచ్చి ఒక పంటిలో కూర్చుంది. నాలుక ఏ పని మీద బయలుదేరినా దారిలో ఆ పంటిని పలకరించి గానీ వెళ్ళేది కాదు. కొండగుహల్లో కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళకు ఏళ్ళు పట్టే ఏకాగ్రతను ఒక పుచ్చుపన్ను మూడు రోజుల్లో ఇచ్చింది. ఇది వరం కాక మరేమిటి?

వరాన్ని వదిలించుకోవడానికి గురప్ప కమ్మరి బసవన్న దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో గుర్రాలకు లాడాలు కొట్టేది, మనుషులకు పళ్ళు పీకేది బసవన్నే. పటకారు కూడా ఒకటేనని గిట్టనివాళ్ళు అంటారు.

"ఏమప్పా గురప్పా, నీకు చక్కెర ఉండాది గదా?" అన్నాడు బసవన్న పటకారు తుడుస్తూ.

"ఉండాది."

"అయితే నేను పీకను పో."

"పన్ను పీకమంటే నా చక్కెర సంగతి నీకేల బసవన్నా?"

"గోపన్నను మర్చిపోయినావా? చక్కెర మనిషి. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆరు నెలలు పుండు మాన్లే. కడాకు కాలు తీసేసిరి. ఆయప్పకైతే ఇంకో కాలుండె. నీకు పైన తీసేదానికి తలకాయ ఒకటే ఉండాది."

ఆ మాటతో గురప్ప నోరు మూసుకున్నాడు. అప్పటిదాకా నొప్పి మాత్రమే ఉండింది. ఆ రోజు నుంచి దాని పక్కన గోపన్న కాలు కూడా వచ్చి కూర్చుంది.

కమలాపురంలో రైలెక్కి కడపకు వెళ్ళాడు. అక్కడ చక్కెర జబ్బు చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడు. మంచి పేరున్న మనిషి. మొదటినాడు ఆయన తన గదిలోనే, తన చేత్తోనే పరీక్ష చేసి చూపించాడు. గాజుగొట్టంలో నీలిరంగు మందు పోశాడు. గురప్ప తెచ్చిన మూత్రం సీసాలోంచి ఎనిమిది చుక్కలు అందులో వేశాడు. స్పిరిటు దీపం మీద పెట్టాడు. నీలం కాస్తా ఆకుపచ్చ అయింది. ఆకుపచ్చ పసుపు అయింది. పసుపు నారింజ అయింది. చివరికి కాలిన ఇటుక రంగుకు వచ్చి నిలబడింది.

గురప్ప మొహం వెలిగిపోయింది.

"అబ్బబ్బా! ఎంత పక్కా రంగు సామీ! ఉతికితే పోతాదా?"

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏమయ్యా, ఇది నీ జబ్బు!"

"జబ్బైతే ఏమి సామీ, రంగు రంగే గదా. నారింజ కాడనే నిలబడిపోతాదేమో అని భయపడితి."

డాక్టరు ఓపికగా చెప్పాడు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే రవ్వంత ఉన్నట్టు. పసుపు అయితే ఎక్కువ. ఇటుకరంగు అయితే మనిషి జాగ్రత్తపడాలి. నలభై ఏళ్ళుగా రంగు ముదిరే కొద్దీ సంతోషించిన గురప్పకు ఈ లెక్క తలకిందులుగా తోచింది. అయినా సరేనన్నాడు.

"పంటిలో చీము ఉన్నంతకాలం చక్కెర దిగదు," అన్నాడు డాక్టరు. "ముందు పన్ను బాగుచేయించుకో. ఆ తరువాత చక్కెర సంగతి నేను చూసుకుంటాను."

రైల్వే స్టేషను దగ్గర మేడగదిలో పంటి డాక్టరు ఉంటాడు. మద్రాసు మనిషి. నెలకు రెండు గురువారాలు కడపకు వచ్చి, సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. ఆయన మాట వినగానే గురప్పకు ప్రాణం లేచొచ్చింది.

"పీకనక్కరలేదు. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. పంటిని పంటిలాగే ఉంచి, వేరు దాకా సన్నటి దారి చేస్తాం. లోపల చెడిపోయిన నరాన్ని లాగేసి, వేరును కడిగి, మందు పెట్టి మూసేస్తాం. పుండు పడదు. పన్ను నీ దగ్గరే ఉంటుంది."

గురప్ప వెంటనే నోరు తెరిచాడు.

"మూసుకో, మూసుకో. వేరే జబ్బేమైనా ఉందా?"

"చక్కెర ఉండాది సామీ."

పంటి డాక్టరు చేతిలోని అద్దాన్ని బల్లమీద పెట్టేశాడు. "చక్కెర ఉన్నవాళ్ళ నోట్లో నేను సూది పెట్టను. ముందు దాన్ని దించుకుని రా. ఆకుపచ్చ అని డాక్టరు చీటీ తేవాలి. చీటీ చూశాకే నోరు చూస్తాను."

చూశారా, ఎంత మర్యాదో! పెళ్ళివిందులో వియ్యంకులిద్దరూ "మీరు ముందు కూర్చోండి" అంటే "అబ్బే, మీరు ముందు" అని నిలబడిపోయినట్టు, ఇద్దరు డాక్టర్లు ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. మధ్యలో విస్తరి ముందు గురప్ప కూర్చునే ఉన్నాడు. వడ్డన మొదలైతే కదా!

గురప్ప ఒక్కడే ఇంత అదృష్టవంతుడని అనుకోకండి. చక్కెర డాక్టరు ఇంటి ముందువైపు వసారా బల్ల మీద అలాంటివాళ్ళు చాలామంది కూర్చుంటారు. వేంపల్లె నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయనకు కంట్లో శుక్లం, రొమ్ములో దగ్గు. దగ్గుతున్నవాడి కంటికి కత్తి పెట్టనని కంటి డాక్టరు అన్నాడు. దగ్గుకు ఇచ్చిన రెండు సీసాల్లో తాగేది ఏదో, రొమ్ముకు రుద్దుకునేది ఏదో ఆయన కంటికి కనిపించదు. రుద్దుకునేదే తాగుతున్నాడు. దగ్గు తగ్గలేదు. కాని ఆయన మొహంలోని తేజస్సు చూడాలి!

ఇక భీమక్కకు మూడు జబ్బులు. ఆమె గుమ్మంలోకి రాగానే బల్లమీద వాళ్ళందరూ లేచి చోటిస్తారు. ఒక్క జబ్బుతో వచ్చిన కుర్రకారు ఆమెను చూసి సిగ్గుపడి గోడవారకు జరుగుతారు. మూడు జబ్బులకూ ముగ్గురు డాక్టర్లు కలిసి ఆమెకు ఇంతవరకు ఒక్క మాత్ర కూడా ఇవ్వలేకపోయారు. డెబ్బై ఏళ్ళ మనిషి, రాయిలాగా ఉంది!

గురప్పకు మాత్రం అంత నిబ్బరం లేదు. చక్కెర దించాలన్న పట్టుదల పుట్టింది. బియ్యం మానేశాడు. బెల్లం మానేశాడు. పిడికెడు కొర్రన్నం, మజ్జిగ, ఉడికించిన ఆకులు. అవీ కుడిదవడతోనే. ప్రతి గురువారం సీసా పట్టుకుని కడపకు పోవడం, చీటీ తెచ్చుకోవడం.

రెండోవారం నుంచి డాక్టరుగారు పరీక్ష తానే చేయడం మానేశాడు. వెనకవైపు వసారాలో కాంపౌండరు లేవి చేసేవాడు. లేవి నెమ్మదైన మనిషి. అతను చీటీ రాసి లోపలికి పంపేవాడు. డాక్టరుగారు చీటీ చదివి, తల అటూ ఇటూ ఆడించి, దానికి సూది గుచ్చి కట్టలో కలిపేవాడు.

ఎరుపు. మళ్ళీ ఎరుపు. పదకొండు గురువారాలు, పదకొండు చీటీలు, పదకొండు ఎరుపులు!

గురప్ప చీటీతో ఇంటికి వచ్చిన ప్రతిసారీ సుబ్బక్క దాన్ని చదివించుకుని వినేది. ఆయన పంచె జారిపోకుండా ముడి మీద ముడి వేసుకోవలసినంతగా చిక్కిపోయాడు. చక్కెర మాత్రం చీటీలో చిక్కలేదు.

"ఆకులు తిని ఎరుపు పుట్టిస్తాండావు. నీ తొట్టిలో గూడా ఇంత ఎరుపు పడదు గదయ్యా!" అనేది ఆమె.

మనిషి మనసు విచిత్రమైనది. పదకొండు కాగితాలు ఒకే మాట చెబితే తన ఒళ్ళు చెప్పే మాట తనకే అబద్ధంగా తోస్తుంది. దప్పిక తగ్గింది, కాళ్ళ మంటలు తగ్గాయి. మునుపటిలా మాటిమాటికీ పెరట్లోకి పోవలసిన పని కూడా లేదు. అయినా గురప్ప చీటీనే నమ్మాడు. తనకు తెలియకుండా తన లోపల ఇంకో గురప్ప ఎవడో దొంగచాటుగా బెల్లం తింటున్నాడేమోనని కూడా అనుమానపడ్డాడు. రెండు జబ్బులు మనిషికి ఆత్మపరిశీలన నేర్పుతాయనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంతలో ఫాల్గుణం ముగియవచ్చింది. దవడ వాచి, వాపు మెడవైపు దిగింది. పంటి డాక్టరు కబురు చెప్పాడు. కడప ఎండలు మద్రాసు మనిషి ఓర్వలేడు కాబట్టి ఈ గురువారం తరువాత ఆయన మళ్ళీ ఆషాఢంలోనే వస్తాడు. ఈ గురువారం ఆకుపచ్చ చీటీ లేకపోతే ఆ వాపుతో ఎండాకాలం గడపాలి. గడుస్తుందో లేదో చెప్పే చీటీ ఎవరి దగ్గరా లేదు.

ఆ గురువారం సుబ్బక్క కూడా వెంట వచ్చింది. మనిషి రైలెక్కి దిగే స్థితిలో లేడు. డాక్టరు గది గడప పక్కన ఆమె గంప పెట్టుకుని కూర్చుంది. గురప్ప నోట్లో ఊరిన చేదు ఉమ్మేయడానికి వెనకవైపుకు నడిచాడు. మూడు నెలల్లో ఆ వసారాలోకి ఆయన అడుగుపెట్టడం అదే మొదలు.

లేవి అప్పుడే ఒక గాజుగొట్టాన్ని దీపం మీదనుంచి తీసి కొయ్యచట్రంలో నిలబెట్టాడు. గొట్టానికి అంటించిన కాగితం మీద గురప్ప పేరు. గురప్ప చూశాడు. చిలక రెక్క రంగు! ఒక్కసారి ముంచి తీసి నీడలో ఆరేసిన రంగు!

లేవి కలం తీసుకుని చీటీ మీద "ఎరుపు" అని రాశాడు.

"ఏమప్పా లేవీ, ఏం రాస్తాండావు?"

"నీదే గురప్పన్నా. ఎరుపు."

"యాడుండాది ఎరుపు?"

"ఇదో, ఈడ."

"ఇది ఎరుపా! చిలక మాదిరి ఉంటే!"

లేవి చేతిలో కలం ఆగిపోయింది. గురప్ప ఒక్క క్షణం అతని మొహం చూసి, భుజం మీది తుండుగుడ్డ తీసి పరిచాడు. ఒక అంచు ఎరుపు, ఒక అంచు ఆకుపచ్చ. రెండూ తన చేతి రంగులే.

"ఈ అంచు ఏ రంగప్పా?"

లేవి ఆ అంచును దీపానికి దగ్గరగా పట్టి చూశాడు.

"పోనీ, ఈ అంచు?"

"రెండూ ఒకటే గదన్నా," అన్నాడు లేవి చాలా మెల్లగా.

నలభై ఏళ్ళుగా వేరువేరు తొట్లలో, వేరువేరు కట్టెలతో కలియబెట్టి, ఒకదాని చుక్క ఒకదానిలో పడకుండా కాచుకున్న రెండు రంగులు ఈ మనిషికి ఒకటే! ఆ ఆశ్చర్యంలో గురప్పకు పంటినొప్పి కాసేపు మాయమైంది. దాన్ని ఆయన తరువాత ఎప్పుడో గమనించుకున్నాడు.

"చిన్నప్పటినుంచి ఇంతేనన్నా," అన్నాడు లేవి. "మా యమ్మ పండు మిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివీ పండువీ కలిపి కోసుకొస్తాంటి. తన్నులు తింటాంటి. నీలం తెలుస్తాది. పసుపు తెలుస్తాది. ఈ రెండే నాకు తేడా తెలీదు."

"తెలీనప్పుడు ఆకుపచ్చని రాయగూడదా? పదకొండు తూర్లూ ఎరుపేనా?"

"ఎరుపని రాస్తే మనిషి నోరు కట్టుకుంటాడు. ఆకుపచ్చని రాస్తే తింటాడు, చస్తాడు. పాపం నాకొద్దని ఎరుపే రాస్తి. పథ్యం చేసి చచ్చినోడు యాడన్నా ఉండాడా అన్నా?"

గురప్ప వాచిన దవడను అరచేత్తో పట్టుకున్నాడు. "ఉండాడప్పా. ఇంక రోంత సేపు అట్లే రాస్తాంటే నీ ఎదురుగానే ఉంటాడు."

లేవి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సారుకు తెలిస్తే ఈ పొద్దే పంపించేస్తాడు. రంగు తెలీని కాంపౌండరును ఎవురు పెట్టుకుంటారు? ఇంట్లో నలుగురు పిల్లోళ్ళన్నా."

కోపం తెచ్చుకోవడానికి గురప్ప నిజంగానే ప్రయత్నించాడు. రాలేదు. వాళ్ళ వీధిలోనే రంగన్న అని పెద్ద రంగులవాడు ఉండేవాడు. చివరి రెండేళ్ళు ఆయనకు చూపు మసకేసింది. తొట్టి దగ్గర భార్య పక్కన నిలబడి ఏ రంగు ఎంత తేలిందో చెవిలో చెబుతుంటే ఆయన పని చేశాడు. వీధి మొత్తానికి ఆ సంగతి తెలుసు. ఒక్కరు కూడా బయటికి అనలేదు.

"మీ ఇంటామెకు రంగులు తెలుస్తాయా?"

"తెలుస్తాయన్నా. ఈ వెనకింట్లోనే ఉంటాము."

"అయితే ఇంకమీద ప్రతి గొట్టమూ ఆమెకు చూపించి రాయి. నీ నోటితో ప్రమాణం చెయ్యి. చేసినావా? సరే. నేనూ ఎవురికీ చెప్పనని మాటిస్తాండా. ఇప్పుడు నా చీటీ మార్చు."

లేవి "ఆకుపచ్చ" అని రాశాడు. ఆ అక్షరాలు చూస్తూ గురప్ప గుమ్మం దాటాడు. ఇక మేడగదికి పోవడమే తరువాయి. డాక్టరుగారి సంతకం ఒక్కటే కావాలి.

డాక్టరుగారు చీటీ చదివాడు. కట్ట తీశాడు. పదకొండు చీటీలూ బల్ల మీద వరసగా పరిచాడు. పన్నెండోది చివర పెట్టాడు.

"పదకొండు ఎరుపులు, ఒక ఆకుపచ్చ. ఎలెక్షన్లు జరుగుతున్న కాలం కదయ్యా ఇది. పదకొండు ఓట్లు ఎటు ఉంటే అటే గెలుపు. ఈ ఒక్కటి ఎక్కడో పొరపాటు. వచ్చే గురువారం మళ్ళీ రా."

"వచ్చే గురువారం పంటి డాక్టరు ఉండడు సామీ! నాలుగు గంటల బండికి పోతాడు. నాకు ఈ పొద్దే కావల్ల."

"తొందరపడితే సైన్సు ఒప్పుకోదు."

లేవి గుమ్మంలో నిలబడి గోడకేసి చూస్తున్నాడు. నిజం చెబితే చీటీ వస్తుంది, లేవి పోతాడు. చెప్పకపోతే లేవి ఉంటాడు, తాను ఉంటాడో లేదో తెలియదు. గురప్ప నాలుక పంటి దగ్గరికి పోయింది. అక్కడినుంచే ఆలోచన పుట్టిందేమో, ఆయన రెండు చేతులూ జోడించాడు.

"సామీ, ఒక్క మనవి. మొదటినాడు మీరు మీ చేత్తో తీసిన రంగు ఇంకా నా కండ్లలోనే ఉండాది. నేను రంగులోణ్ణి. అంత చెయ్యి నలభై ఏండ్లలో చూడలే. ఇంకొక్క తూరి ఆ చెయ్యి చూడల్లని ఆశ."

డాక్టరుగారు తన చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. రోగుల్లో ఎవరూ ఆయన చేతిని ఇదివరకు మెచ్చుకోలేదు. మెచ్చుకోవడానికి అది చీటీల మీద తప్ప కనిపించేది కాదు కూడా. లేచి, చొక్కాచేతులు మడిచి, వెనక వసారాలోకి నడిచాడు. నీలిమందు పోశాడు. చుక్కలు లెక్కపెట్టి వేశాడు. దీపం మీద పెట్టాడు.

చిలక రెక్క!

"ఆకుపచ్చే!" అన్నాడు డాక్టరుగారు. గొట్టాన్ని ఎత్తి పట్టుకుని మళ్ళీ చూశాడు. తరువాత నెమ్మదిగా లేవి వైపు తిరిగాడు. "ఇది ఆకుపచ్చ అయితే ఆ పదకొండు ఏమిటి లేవీ?"

లేవి కొయ్యచట్రాన్ని అటూ ఇటూ సర్దాడు. గడప దగ్గర సుబ్బక్క కూడా మెడ సాచి చూస్తోంది.

"లేవప్పది తప్పు గాదు సామీ," అన్నాడు గురప్ప. "బెల్లం."

"బెల్లమా?"

"తింటాంటి సామీ. చాటుగా. ప్రతి బుధవారమూ. ఈ వారం దొరకలే."

చేయని తప్పు ఒప్పుకోవడంలో ఒక వింత ఉంది. ఆ మాట నోటినుంచి రాగానే, మూడు నెలలుగా తీపి ఎరగని ఆ నాలుక మీద కొత్తబెల్లం రుచి నిజంగానే తగిలింది. గురప్ప గుటక వేశాడు. ఆ గుటక చూసి డాక్టరుగారికి మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

"నాకు ముందే తెలుసు!" అన్నాడు ఆయన ఉత్సాహంగా. డాక్టర్లకు మందుకంటే ప్రియమైనది ఒకటుంది. అది రోగి చేసిన తప్పు. అది దొరికాక శాస్త్రం, కట్ట, పదకొండు చీటీలు అన్నీ తేటపడిపోతాయి. ఆయన గురప్పను అరగంట తిట్టాడు. భార్యను మోసం చేసినవాడని, దొంగనోరని, చదువులేనివాడని తిట్టాడు. బల్లమీద ఉన్న రోగులందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. భీమక్క అయితే మెటికలు విరిచింది. తిట్టడం అయ్యాక ఆయన సంతృప్తిగా సంతకం పెట్టాడు.

సుబ్బక్క గంప ఎత్తుకుని లేచింది.

మేడగదిలో పంటి డాక్టరు చీటీని ముందు చదివాడు, వెనక తిప్పి చూశాడు, సంతకాన్ని వెలుతురుకు పెట్టి పరీక్షించాడు. మూడు నెలల తరువాత ఆ మాట అన్నాడు.

"నోరు తెరువు."

చిగుళ్ళకు సూది వేశాడు. కుట్టుమిషనులాగా కాలితో తొక్కే యంత్రం ఒకటి గిర్రున తిరిగింది. చీము దిగింది. నోరంతా మొద్దుబారింది. చివరకు సన్నటి తీగతో లోపలినుంచి ఏదో చుట్టి లాగి, గురప్ప కళ్ళ ముందు పెట్టాడు. ఒక పోగు. ఇన్నాళ్ళూ ఆయన మనసంతా వచ్చి కూర్చున్నది దీని మీదనా! మగ్గాల వీధిలో ఎవరూ ఇంత సన్నని నూలు వడకలేదు. ఇది ఏ రంగూ పట్టదని కూడా ఆయనకు చూడగానే తెలిసిపోయింది.

పంటి డాక్టరు వేరు కడిగి, మందు పెట్టి, పన్ను మూసి, దాని చుట్టూ దవడనిండా దూది కుక్కాడు. "ఊరు చేరేదాకా నోరు విప్పకు. మాట్లాడావంటే పెట్టిన మందంతా ఊడిపోతుంది," అని చెప్పి, పెట్టె సర్దుకుని బండికి వెళ్ళిపోయాడు.

నొప్పి లేదు! స్టేషనులో గురప్ప నిలబడి అటూ ఇటూ చూశాడు. లోకం ఎంత పెద్దదో! రైలు పట్టాల అవతల ఎండిన పొలాలు, వాటి వెనక ఎర్రటి కొండలు, ఆ ఎరుపులో మూడు రకాలు. అన్నీ ఒక్కసారిగా తిరిగి వచ్చాయి. బెంచీ మీద పక్కనే సుబ్బక్క.

బండి కదిలి ఊరు దాటేదాకా ఆమె కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. తరువాత కిటికీలోంచి చూస్తూనే మొదలుపెట్టింది.

"తింటే తింటివి. మనిషన్నాక ఆశ పుడతాది. నాకు చెప్పి తినుండచ్చు గదా, చాటు ఎందుకు?"

గురప్ప తల అడ్డంగా ఊపాడు.

"తల ఊపాకు. అంతమందిలో నీ నోటితోనే చెప్తివి గదా. నీకు వేరే పొయ్యి మీద వేరే వంట చేస్తి. ఆకులు ఏరి ఏరి ఉడకేస్తి. ఒక్కనాడన్నా ఇసుక్కుంటినా?"

"ఊఁ... ఊఁహూఁ..."

"గమ్మునుండు. మందు ఊడిపోతాది."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు, తనలో తాను చెప్పుకుంటున్నట్టుగా, ఇంకో మాట అంది.

"నువ్వు తినలేక చూస్తాంటే నాకు గొంతు దిగలే. ఈ మూడు నెలలూ నేను గూడా బెల్లం ముట్టుకోలే. ఆ కుండ మీద మూత తీయలే. నీతో చెప్పడమెందుకని చెప్పలే. నువ్వేమో బుధవారం బుధవారం తింటివా!"

గురప్ప ఆమె వైపు తిరిగాడు. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చి దూదికి తగిలి ఆగిపోయింది. దూది రేపు తీసేయవచ్చు. లేవికిచ్చిన మాటను ఎవరు తీసేస్తారు? ఆయన చేతనైన పని ఒక్కటే చేశాడు. గంపలోంచి తుండుగుడ్డ తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దానితో కళ్ళు తుడుచుకుంది గానీ, ఆయనను క్షమించినట్టు మాత్రం కనిపించలేదు.

అందువల్ల అయ్యలారా, గురప్ప రోగం సంగతి అంతా శుభమే. చక్కెర దిగింది, పన్ను నిలిచింది, చీటీలు కట్టలో భద్రంగా ఉన్నాయి. పదకొండు ఎరుపులకు ఎదురుగా "బెల్లం" అని డాక్టరుగారు తన దస్తూరీతో రాసి కూడా పెట్టుకున్నాడు. మగ్గాల వీధిలో ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు బెల్లం కుండకు చెరోవైపు కూర్చుని మాటలు లేకుండా ఉంటున్నారంటే అది వైద్యానికి సంబంధించిన విషయం కాదు.

ఆ మూడు నెలల్లో ఒక్క గురువారమైనా డాక్టరుగారు లేచి ఆ గాజుగొట్టాన్ని కంటితో చూసి ఉండకూడదా అని ఎవరైనా అడగవచ్చు. అన్యాయమైన మాట. ఆ వసారా ఆయన కుర్చీకి ఎనిమిది అడుగుల దూరం!